షేర్ మార్కెట్‌లో ట్రెండ్ ఫాలోయింగ్ – విశ్రాంత ఉద్యోగి తెలుసుకోవలసిన సంగతులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఆఫీసుకు సభ్యులు లైఫ్ సర్టిఫికెట్ కోసమో, డి.ఎ. బకాయిల సంగతి కనుక్కోవడానికో వస్తుంటారు. ఈమధ్య చాలామంది ఆ పని అయిపోయాక కుర్చీ దగ్గరగా జరుపుకుని, జేబులోంచి ఫోను తీసి, గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతున్నారు. "ఇదిగో, ఈ గ్రూపులో చేరమంటున్నారు. ట్రెండ్ చూసి కొంటే నెలకు పది శాతం గ్యారంటీ అంటున్నారు. చేరవచ్చా?" అని. ఈ ప్రశ్న ఎక్కువైంది కాబట్టి కార్యదర్శి గారు ఆ ట్రెండ్ అంటే ఏమిటో నన్ను చెప్పమన్నారు.

నేను మార్కెట్ పండితుణ్ణి కాను. నీటిపారుదల శాఖలో లెక్కలు, గేజీలు చూసుకుంటూ రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత పదిహేనేళ్లుగా ఈ విషయం చదువుతూ, చిన్న మొత్తంతో ఆచరిస్తూ, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. నేను చెప్పబోయేది ఏ షేరు కొనాలో కాదు. ట్రెండ్ ఫాలోయింగ్ అనేది నిజంగా ఉన్న పద్ధతే. దానికి చరిత్ర ఉంది, లెక్క ఉంది. కానీ గ్యారంటీ అన్న మాటకూ దానికీ చుక్కెదురు. ఆ సంగతి మీకు లెక్కలతో చూపించడమే నా ఉద్దేశం.

ఏమిటీ పద్ధతి?

మార్కెట్‌లో డబ్బు పెట్టేవారిలో ఎక్కువమంది రేపేమవుతుందో ఊహించి పెడతారు. ఫలానా కంపెనీకి ఆర్డర్లు వస్తాయి, ఫలానా పార్టీ గెలుస్తుంది, వానలు పడతాయి అని లెక్కలు వేస్తారు. ట్రెండ్ ఫాలోయింగ్ చేసేవాడు ఈ ఊహల జోలికి పోడు. ధర కొంతకాలంగా ఎటు నడుస్తున్నదో చూస్తాడు. పైకి నడుస్తుంటే కొంటాడు, ఆ నడక ఆగి కిందికి తిరిగిందని తన నియమం చెప్పినప్పుడు అమ్మేస్తాడు. అడుగున కొనాలని, శిఖరాన అమ్మాలని ఆశించడు. మొదట కొంత, చివర కొంత వదులుకుని మధ్య భాగం దొరికితే చాలనుకుంటాడు.

మన గోదావరి ఉదాహరణ చెబితే సులువుగా ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజున ఈసారి 50 దగ్గర ఆగుతుందో, 70 దాటుతుందో ఖచ్చితంగా చెప్పగలవారు ఎవరూ ఉండరు. అయినా ఏ మట్టానికి ఏ పని చేయాలో ముందే రాసి ఉంటుంది. మట్టం రాగానే ఆ పని జరిగిపోతుంది. కొన్నిసార్లు లోతట్టు వాళ్లు మూటాముల్లె సర్దుకుని గట్టెక్కాక, వరద తీసేసి మర్నాడే ఇళ్లకు తిరిగి వస్తారు. శ్రమ దండగైందని అప్పుడు అనిపిస్తుంది. అంతమాత్రాన వచ్చే ఏడు గేజీ చూడటం మానేస్తామా? ట్రెండ్ ఫాలోయింగ్‌లో ఉన్నదంతా ఇంతే. గేజీ చూడటం, ముందే రాసుకున్న పని చేయడం, కొన్నిసార్లు దండగ శ్రమకు సిద్ధపడటం.

ఎక్కడినుంచి వచ్చింది?

నష్టాన్ని త్వరగా తెంచుకో, లాభాన్ని సాగనివ్వు అన్న సూత్రాన్ని ఇంగ్లండులో 1800ల తొలినాళ్లలో బాండ్ల వ్యాపారం చేసి ధనికుడైన ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో పేరుతో చెబుతారు. ఆ తర్వాత అమెరికాలో చార్లెస్ డౌ 1896లో పన్నెండు కంపెనీల ధరలతో తన పారిశ్రామిక సూచీని మొదలుపెట్టారు. మార్కెట్‌కు పెద్ద ఆటుపోట్లు, చిన్న అలలు వేర్వేరుగా ఉంటాయని ఆయన వ్యాసాల్లో రాశారు.

దీన్ని గట్టి నియమంగా మార్చినవారిలో ముఖ్యుడు రిచర్డ్ డాంచియన్. అమెరికా వలస వెళ్లిన ఆర్మేనియన్ కుటుంబంలో 1905లో పుట్టారు. 1949లో ఫ్యూచర్స్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థను స్థాపించి, ప్రజల డబ్బుతో సరుకుల ఫ్యూచర్స్ వ్యాపారం చేసే నిధిని నడిపారు. ఆయన నాలుగు వారాల నియమం ప్రసిద్ధం. గత నాలుగు వారాల గరిష్ఠ ధరను దాటితే కొను, నాలుగు వారాల కనిష్ఠ ధర కంటే దిగితే అమ్ము. అంతే. దీనికి పట్టా అక్కర్లేదు, పట్టుదల ఒక్కటి కావాలి.

ఆ పట్టుదల నేర్పగలమా అన్న దాని మీద 1983లో షికాగోలో ఒక పందెం నడిచింది. రిచర్డ్ డెన్నిస్ అనే వ్యాపారి, వ్యాపారం ఎవరికైనా నేర్పవచ్చు అన్నాడు. ఆయన భాగస్వామి, గణితం చదివిన విలియం ఎఖార్ట్, అది పుట్టుకతో రావాలి అన్నాడు. పత్రికల్లో ప్రకటన వేశారు. 1983, 1984లలో రెండు జట్లుగా ఇరవై మందికి పైగా ఎంపిక చేశారు. వారిలో అకౌంటెంటు ఉన్నాడు, నటుడు ఉన్నాడు, పేకాటలో నేర్పరి ఉన్నాడు. కొన్ని రోజులు శిక్షణ ఇచ్చి, డెన్నిస్ తన డబ్బే చేతికిచ్చి వ్యాపారం చేయించాడు. వీరికి 'టర్టిల్స్' అని పేరు, అంటే తాబేళ్లు. నియమాలు డాంచియన్ నియమాలకు దగ్గరి చుట్టాలే. ఇరవై రోజుల గరిష్ఠం దాటితే కొను, పది రోజుల కనిష్ఠం దిగితే బయటికి రా. దీర్ఘకాలానికైతే యాభై అయిదు రోజులు, ఇరవై రోజులు. వారిలో చాలామంది బాగా సంపాదించారు. కొందరు కుదరక మధ్యలోనే వెళ్లిపోయారు. నియమాలు అందరికీ ఒకటే కదా, ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? వరసగా నష్టాలు వచ్చాక కూడా తర్వాతి ఆర్డరు వేయగలిగినవాడు నిలబడ్డాడు, చేయి వణికినవాడు నిలబడలేదు.

ధరలకు నడక ఎందుకుంటుంది?

కొత్త సమాచారం అందరికీ ఒక్క రోజే అందదు, అందినా అందరూ ఒక్క రోజే నమ్మరు. పెద్ద సంస్థలు కొనదలచుకున్నదంతా ఒక పూటలో కొనలేవు, వారాలు పడుతుంది. ధర పెరిగాక, పక్కింటివాడు కొన్నాడని మనమూ వెళ్తాం. ఇవన్నీ కలిసి ధర ఒకసారి కదిలితే కొంతకాలం అదే దారిన నడిచేలా చేస్తాయి.

1993లో నరసింహన్ జగదీశ్, షెరిడన్ టిట్‌మన్ అనే ఆచార్యులు అమెరికా షేర్ల ధరలను, 1965 నుంచి 1989 వరకు, పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. గత మూడు నుంచి పన్నెండు నెలల్లో బాగా పెరిగిన షేర్లు ఆ తర్వాతి కొన్ని నెలల్లోనూ, బాగా పడిన షేర్ల కంటే మెరుగ్గా నడిచాయని తేల్చారు. 2012లో మాస్కోవిట్జ్, ఊయి, పెడర్సన్ అనే ముగ్గురు షేర్ సూచీలు, బాండ్లు, కరెన్సీలు, సరుకులు కలిపి 58 రకాల ఫ్యూచర్స్‌లో ఇలాంటి నడకనే చూపించారు. కాబట్టి ఇది గాలిలో మాట కాదు. అయితే ఇవన్నీ అనేక మార్కెట్ల మీద, ఏళ్ల తరబడి తీసిన సగటులు. మన చేతిలో ఉన్న ఒక్క షేరు రేపు ఏం చేస్తుందో ఇవి చెప్పవు.

ఇందులో మన స్వభావం పాత్ర కూడా ఉంది. లాభంలో ఉన్న షేరును తొందరగా అమ్మేసి, నష్టంలో ఉన్న షేరును వదలకుండా పట్టుకుని కూర్చుంటామని 1985లోనే షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు రాశారు. వారు అమెరికావారు గాని, చెప్పింది మన ఇళ్ల సంగతే. మన మిత్రుడొకరి కథ చెబుతాను. పేరు, ఊరు చెప్పను. చెప్పమని ఆయనే అన్నారు. కమ్యుటేషన్ డబ్బు రాగానే కొన్న షేర్లలో ఒకటి రెండు వారాల్లో బాగా పెరిగింది. "చేతికొచ్చిన లాభం ఎందుకు వదులుకోవాలి" అని అమ్మేశారు. ఇంకొకటి పడింది. "కొన్న ధరకు రాగానే అమ్మేస్తా" అన్నారు. ఇంకా పడింది. సగటు ధర తగ్గుతుందని మరికొన్ని కొన్నారు. మళ్లీ పడింది, మళ్లీ కొన్నారు. మూడేళ్లు గడిచేసరికి ఆ డబ్బులో సగానికి పైగా కరిగిపోయింది. ఇంట్లో చెప్పింది మనవరాలి కాలేజీ ఫీజు కట్టవలసిన వారంలో. ఆయన తెలివితక్కువవారు కారు. నలభై ఏళ్లు ప్రభుత్వ ఖాతాల్లో పైసా తేడా రానివ్వని మనిషి. ఎంత పోతే ఆపాలో కొనే ముందు రాసుకోలేదు, అంతే.

లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు కాగితం, పెన్సిలు ఉన్నవారు తీయండి. అతి తేలికైన నియమం ఒకటి తీసుకుందాం. ప్రతి నెలాఖరు రోజున సెన్సెక్స్ ముగింపు అంకె రాసుకోవాలి. ఆ నెలతో కలిపి పది నెలల ముగింపులు కూడి పదితో భాగించాలి. ముగింపు ఆ సగటు కంటే పైన ఉంటే సూచీ ఫండులో ఉండాలి, కింద ఉంటే బయటికి వచ్చి డబ్బు బ్యాంకులో పెట్టుకోవాలి. మెబ్ ఫేబర్ అనే అమెరికన్ 2007లో ప్రచురించిన వ్యాసంతో ఈ పది నెలల సగటు బాగా ప్రచారంలోకి వచ్చింది. దీన్ని మన సెన్సెక్స్ మీద మూడు సందర్భాల్లో చూద్దాం.

మొదటిది 2008. ఆ జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది. అక్కడ ఈ నియమం అమ్మమని చెప్పలేదు. మార్చి నెలాఖరుకు 15,644 అయింది, పది నెలల సగటు సుమారు 17,317. అప్పుడు బయటికి రమ్మంది. అప్పటికే శిఖరం నుంచి నాలుగో వంతు పోయింది. ఏప్రిల్‌లో మళ్లీ 17,287కు ఎగిసింది. అమ్మినవాడు నాలుక కరుచుకునే ఉంటాడు. కానీ సగటు 17,581, కాబట్టి బయటే ఉండమంది. అక్టోబరు నెలాఖరుకు సెన్సెక్స్ 9,788. 2009 మార్చి 9న 8,160. అక్కడా కొనమని చెప్పలేదు. 2009 ఏప్రిల్ నెలాఖరుకు 11,403 అయింది, సగటు సుమారు 10,974. అప్పుడు లోపలికి వెళ్లమంది. మే నెలాఖరుకు, ఎన్నికల ఫలితాల తర్వాత, 14,625. అంటే 15,644 దగ్గర అమ్మి, 11,403 దగ్గర కొన్నట్టు. ఆ పదమూడు నెలలు కదలకుండా కూర్చున్నవాడి లక్ష రూపాయలు సుమారు 73 వేలయ్యాయి. బయటికి వచ్చినవాడి లక్ష లక్షగానే ఉంది, పైన బ్యాంకు వడ్డీ.

ఇది విని అందరూ బాగుందనుకుంటున్నారు. రెండోది వినండి. 2019 ఆగస్టు నెలాఖరు సెన్సెక్స్ 37,333, సగటు సుమారు 37,601. కిందికి దిగింది కనుక అమ్మాలి. సెప్టెంబరు 20న ప్రభుత్వం కంపెనీల పన్ను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది, ఆ ఒక్క రోజే సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా లేచింది. నెలాఖరు ముగింపు 38,667, సగటు సుమారు 37,849. ఇప్పుడు కొనాలి. 37,333కు అమ్మిన దాన్ని నెల తిరగకుండా 38,667కు కొనాలన్నమాట. నూరు యూనిట్లు అమ్మిన డబ్బుకు తొంభై ఆరున్నర యూనిట్లే వస్తాయి. గట్టెక్కిన మర్నాడే వరద తీసేయడం అంటే ఇదే.

మూడోది కరోనా ఏడాది. 2020 ఫిబ్రవరి నెలాఖరు ముగింపు 38,297, సగటు సుమారు 39,379. బయటికి రమ్మంది. మార్చి 23న సెన్సెక్స్ 25,981. దేశమంతా తలుపులు వేసుకున్న రోజులు. మళ్లీ లోపలికి వెళ్లమన్నది జూలై నెలాఖరున, 37,607 దగ్గర. అమ్మిన ధరకూ, తిరిగి కొన్న ధరకూ తేడా రెండు శాతం లేదు. ఖర్చులు, పన్ను తీసేస్తే అదీ మిగలకపోవచ్చు. కదలకుండా కూర్చున్నవాడూ దాదాపు అక్కడికే వచ్చాడు. అయితే ఆ అయిదు నెలలు ఒకరు నిద్రపోయారు, మరొకరు పోలేదు. ఆ నిద్ర విలువ ఎంతో ఎవరికి వారే వేసుకోవాలి.

మూడు సందర్భాలూ ఒకే నియమానివే. ఒకసారి పెద్ద మేలు, ఒకసారి చెంపదెబ్బ, ఒకసారి చెరిసగం. ఏ సందర్భం రాబోతున్నదో అమ్మే రోజున తెలియదు. 2019లో చెంపదెబ్బ తిని, "ఈ నియమం పనికిరాదు" అని చింపేసినవాడికి 2020 ఫిబ్రవరిలో చెప్పేవారు లేకపోయారు.

అసలు రహస్యం ఎంత పెట్టాలన్నది

ఈ పద్ధతిలో కొనే నియమం చదివితే పది నిమిషాల్లో వస్తుంది. ఎంత మొత్తం పెట్టాలన్నదే అసలు విద్య. ఎందుకో చూడండి. నూరు రూపాయల్లో పది పోతే, తిరిగి నూరు కావడానికి మిగిలిన తొంభై మీద పదకొండు శాతం సంపాదించాలి. ఇరవై పోతే ఇరవై అయిదు శాతం కావాలి. యాభై పోతే నూరు శాతం, ఎనభై పోతే నాలుగు వందల శాతం. నలభై ఏళ్లవాడికి తిరిగి సంపాదించే కాలం ఉంటుంది. మనకు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి.

అందుకని ఒక లావాదేవీలో నష్టం వస్తే మొత్తం సొమ్ములో ఒక శాతమో రెండు శాతమో మాత్రమే పోయేలా లెక్క కట్టుకుంటారు. మార్కెట్ కోసం విడిగా పెట్టుకున్నది అయిదు లక్షలనుకోండి. ఒక శాతం అంటే అయిదు వేలు. 250 రూపాయల షేరు కొంటూ, 225కు దిగితే అమ్మేయాలని నిర్ణయించుకున్నారు. షేరుకు పోయేది 25 రూపాయలు. అయిదు వేలను 25తో భాగిస్తే 200 షేర్లు. అంటే యాభై వేల రూపాయల మేరకే కొనాలి. టర్టిల్స్ కూడా ఇదే లెక్క వేశారు. ధర రోజూ ఎంత ఊగుతున్నదో కొలిచి, ఎక్కువ ఊగేదాన్ని తక్కువ కొన్నారు, నింపాదిగా ఉండేదాన్ని ఎక్కువ కొన్నారు.

పది లావాదేవీల్లో ఆరు, ఏడు నష్టపోవడం ఈ పద్ధతిలో మామూలు. ఏడుసార్లు అయిదు వేల చొప్పున పోతే ముప్పై అయిదు వేలు. మిగిలిన మూడింటిలో రెండు పది వేల చొప్పున వచ్చి, ఒకటి నలభై వేలు తెస్తే మొత్తం మీద పాతిక వేలు మిగులు. కానీ ఆ నలభై వేలది పదిహేను వేల దగ్గరే ఆశపడి అమ్మేస్తే? ఏడు నష్టాలూ అలాగే ఉంటాయి, పాతిక వేల మిగులు సున్నా అవుతుంది. లాభాన్ని సాగనివ్వడం అంత ముఖ్యం, అంత కష్టం. నా నోటుపుస్తకంలో ఎర్ర సిరా నీలం సిరా కంటే ఎక్కువే కనిపిస్తుంది.

ఎక్కడ విఫలమవుతుంది?

ఫలానా ధరకు దిగితే అమ్మమని ఆర్డరు పెట్టినంత మాత్రాన ఆ ధరే దొరుకుతుందని హామీ లేదు. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతి మీకు గుర్తే. 2009 జనవరి 6న సుమారు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు, మర్నాడు ఛైర్మన్ రామలింగరాజు గారి లేఖ బయటికి రాగానే కుప్పకూలి 40 రూపాయల దగ్గర ముగిసింది. ఆ జారుడులో 160కి పెట్టిన ఆర్డరు ఎక్కడ అమ్ముడవుతుందో ఎవరు చెప్పగలరు? ఒకే కంపెనీలో అంతా పెట్టవద్దనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దానిలోనే రెండో పాఠం కూడా ఉంది. ఆ షేరు 2008 మేలో 500 రూపాయలు దాటింది. అక్కడినుంచి నెలల తరబడి దిగుతూనే ఉంది. డిసెంబరు మధ్యలో మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన బయటికి వచ్చిన మర్నాడే మూడో వంతుకు దగ్గరగా పడింది. లేఖ రాకముందు లోపలి లెక్కలు మనబోటివారికి తెలిసే దారి లేదు. ధర మాత్రం కిందికి నడుస్తూ అందరికీ కనిపిస్తూనే ఉంది.

ఇక పద్ధతి కనిపెట్టినవారికే ఎదురైన కష్టాలు. టర్టిల్స్‌కు గురువైన డెన్నిస్ 1987, 1988లలో భారీ నష్టాలు చూసి, ఇతరుల డబ్బు నిర్వహించడం ఆ విడతకు ఆపేశాడు. అంతకు ముందు తరంలో జెస్సీ లివర్‌మోర్, ధర నడకను చదవడంలో పేరు మోసినవాడు. 1929 పతనంలో కోట్ల డాలర్లు గడించాడు. 1934లో దివాలా తీశాడు. 1940లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. నడక చదవడం రాక కాదు ఆ నష్టాలు. చేతిలో ఉన్నదానికి మించి పందెం కాయడం వల్ల.

మార్కెట్ ఎటూ నడవకుండా ఒకే చోట ఊగిసలాడే ఏళ్లలో ఈ పద్ధతి నెత్తురు పీలుస్తుంది. 2008లో లాభాలు చూపిన ట్రెండ్ ఫాలోయింగ్ ఫండ్లలో చాలా మటుకు 2011, 2012లలో ఉసూరుమన్నాయి. దానికి తోడు ఖర్చులు. షేర్లు కొన్నా, అమ్మినా లావాదేవీల పన్ను ఉంది. 2024 జూలై 23 నుంచి ఏడాది లోపు అమ్మిన షేర్ల లాభం మీద 20 శాతం, ఏడాది దాటితే లక్షా పాతిక వేలకు పైబడిన లాభం మీద పన్నెండున్నర శాతం పన్ను విధించారు. ఎక్కువసార్లు కొని అమ్మేవాడి దగ్గర ప్రభుత్వమూ, బ్రోకరూ ముందు తింటారు.

మన సంగతి

ఇక ఫోనులో వచ్చే గ్రూపుల మాట. అందులో చాలావరకు కొనమనేది షేర్లు కూడా కావు, ఫ్యూచర్స్, ఆప్షన్స్. అక్కడ చిన్న మొత్తంతో పెద్ద పందెం కాయవచ్చు, అదే ఎర. సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం వెలువరించింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. నూటికి ఏడుగురిలో మనం ఉంటామని అనుకోవడానికి మన దగ్గర ఏ ఆధారం ఉంది?

ఈ గ్రూపులవాళ్లు ట్రెండ్ ఫాలోయింగ్ పేరు వాడుకుంటారు గాని దాని మొదటి షరతును దాచిపెడతారు. పదిలో ఆరేడు నష్టాలు వస్తాయని ఏ గ్రూపూ చెప్పదు. చెబితే ఎవరూ చేరరు. కాబట్టి గ్యారంటీ అన్న మాట వినగానే ఫోను పెట్టేయండి. సలహా ఇచ్చేవారిని సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పెట్టుబడి సలహాదారుకు ఐ.ఎన్.ఎ. అని, రీసెర్చ్ అనలిస్టుకు ఐ.ఎన్.హెచ్. అని మొదలవుతుంది. ఇచ్చిన నంబరును సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోండి. ఇప్పటికే మోసపోయినవారు ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

మరి ఈ పద్ధతిని మనం ముట్టుకోవచ్చా? ఆసక్తి ఉన్నవారు ముట్టుకోవచ్చు, కొన్ని గిరులు గీసుకుని. ముందు ఇంటి ఖర్చు, వైద్యం ఖర్చు పక్కన పెట్టండి. అది మార్కెట్ వైపు తొంగి చూడకూడదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముంది, 2023 ఏప్రిల్ నుంచి దాని పరిమితి ముప్పై లక్షలకు పెంచారు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. పిల్లల పెళ్లికి, ఇంటి మరమ్మతుకు అనుకున్న డబ్బూ ఇటు రాకూడదు. సగం పోయినా వంటింట్లో తేడా తెలియనంత మొత్తం ఏదైనా మిగిలితే, అది మాత్రమే. అప్పు చేసి వద్దు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ వద్దు. మొదట ఒక ఏడాది డబ్బు పెట్టకుండా కాగితం మీదే చేయండి. నెలాఖరు అంకె రాయండి, సగటు కట్టండి, నియమం ఏం చెబుతున్నదో రాయండి. ఏడాదిపాటు ఆ పని విసుగులేకుండా చేయలేనివారు డబ్బుతో అసలే చేయలేరు.

ఇంకొక్క మాట, ముఖ్యంగా సోదరులకు. మీ నియమం ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాయండి. ఎంత పెట్టాను, ఎక్కడ పెట్టాను, ఎంతకు దిగితే అమ్ముతాను, నామినీ ఎవరు. ఆ కాగితం మీ ఇంటావిడకు చదివి వినిపించండి. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే, మీకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట. బీరువాలో పాస్‌పుస్తకాల పక్కన ఆ కాగితం ఉంటే, రేపు మీరు ఆస్పత్రిలో ఉన్నా అమ్మవలసింది అమ్ముడవుతుంది. ఎంత పోయిందో ఇంట్లో దాచవలసిన అవసరమూ రాదు. ఆ అవసరం వచ్చిందంటే నష్టం అప్పటికే హద్దు దాటినట్టు.

ధర ఎటు పోతుందో మన చేతిలో లేదు. ఎంతవరకు నష్టపోతామన్నది చాలావరకు మన చేతిలో ఉంది. ఈ పద్ధతి నుంచి ఇంకేమీ తీసుకోకపోయినా ఈ ఒక్క అలవాటు తీసుకోండి. షేరే కానక్కర్లేదు, స్థలమైనా, చిట్టీ అయినా, బంధువుకు ఇచ్చే చేబదులైనా, ఇచ్చే ముందే ఎంత వరకు అని రాసుకోండి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెన్సెక్స్ లెక్కలు రాసుకోలేకపోయినవారు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి, నోటుపుస్తకం తెచ్చాను, చూపిస్తాను. ఏ షేరు కొనాలని మాత్రం అడగకండి.